కౌంటరు వెనక పెట్టె

ధర్మపురి స్టేషనుకు రైల్వే లెక్కల్లో ఉన్న పేరు మూడే అక్షరాలు: డీ, పీ, జే. రిజర్వేషన్ కౌంటర్లో కూర్చున్న క్లర్కు ఆ మూడు మీటలూ నొక్కితే తెరమీద ఆ మూడు అక్షరాలూ పడతాయి. అద్దానికి ఇవతల చిల్లర లెక్కపెట్టుకుంటూ నిలబడ్డ మనిషికి అది టైపు మిషన్ పనిలాగే కనిపిస్తుంది. మీట నొక్కారు, అక్షరం పడింది.

కానీ దేశమంతటా రిజర్వేషన్ కౌంటర్లలో ఏళ్ల తరబడి నడిచిన టెర్మినళ్ల సంగతి వేరు. వాటి మీద 'డీ' నొక్కితే అది నేరుగా తెరమీదికి పోదు. ముందు వైరు పట్టుకుని ఊరు దాటుతుంది. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు దాన్ని అందుకుని, అదే అక్షరాన్ని తిరిగి పంపుతుంది. అలా తిరిగొచ్చిన అక్షరమే తెరమీద కనపడేది. దక్షిణ రైల్వే, నైరుతి రైల్వేల రిజర్వేషన్ లెక్కలు ఉండేది చెన్నై కేంద్రంలో. ధర్మపురి నుంచి చెన్నై దాదాపు 300 కిలోమీటర్లు. ఆప్టికల్ ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, పోయి రావడానికి దారిలో పట్టేది సెకనులో వెయ్యోవంతులు మూడు. మధ్యలో యంత్రాలు తీసుకునే సమయం కలుపుకున్నా కంటికి ఆలస్యం తెలియదు.

ఈ రాకపోకలు జరగాలంటే కౌంటరు వెనక, తాళం వేసిన బీరువాలో ఒక పెట్టె ఉండాలి. వరసగా 8 లేదా 16 లేదా 32 రంధ్రాలు, మినుకు మినుకుమనే చిన్న దీపాలు. దాని పేరు టెర్మినల్ సర్వర్. కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్లు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. చిన్న ఊళ్లోని మనిషి దూరపు రైలులో సీటు సంపాదించుకోగలిగాడంటే అందులో దాని పాలు చాలా ఉంది.

ధర్మపురి అనగానే తెలుగువాళ్లకు గోదావరి ఒడ్డున నరసింహస్వామి క్షేత్రం గుర్తొస్తుంది. ఇది అది కాదు. తమిళనాడులో సేలానికి ఉత్తరాన, బెంగళూరు వెళ్లే దారిలో ఉన్న జిల్లా కేంద్రం. పూర్వం తగడూరు అనేవారు. 1965లో సేలం జిల్లా నుంచి విడిపోయి జిల్లా అయింది. 2004లో దీన్నించి కృష్ణగిరి విడిపోయింది. తమిళంతో పాటు ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడుకునే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. బతుకుతెరువుకు బెంగళూరు వెళ్లి వచ్చేవాళ్లు ఎంతోమంది.

రైళ్ల విషయంలో ఈ ఊరి పరిస్థితి కొంచెం విచిత్రం. ఊరు తమిళనాడుదే అయినా స్టేషను మాత్రం హుబ్బళ్లి కేంద్రంగా ఉన్న నైరుతి రైల్వేలో, బెంగళూరు డివిజన్లో ఉంది. ఇదే జిల్లాలో ఉన్న మొరప్పూరు స్టేషను దక్షిణ రైల్వేది. ఈ రెండు ఊళ్ల మధ్య 1906లో వేసిన చిన్న గేజి రైలుమార్గం 1941లో మూతపడింది. పట్టాలు పోయాయి, జోన్లు వేరయ్యాయి. అయినా రెండు చోట్లా కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి ఒకే దేశవ్యాప్త జాబితాలోంచి సీటు దొరుకుతుంది. పట్టాలు కలపని ఊళ్లను కూడా కలిపింది ఆ జాబితా.

అది రాకముందు సీట్లు పుస్తకాల్లో ఉండేవి. ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి ఒక్కో పట్టిక. పుస్తకం ఏ క్లర్కు చేతిలో ఉంటే ఆ రైలుకు అదే కౌంటరు, అదే వరస. వరస చివరిదాకా నిలబడి, తీరా అది వేరే రైలు కౌంటరని తెలిసి మళ్లీ మొదటినుంచి నిలబడినవాళ్లు ఆ తరంలో ఇంటికొకరు ఉంటారు. మధ్యలో ఉన్న చిన్న స్టేషన్లకు కోటా కింద ఏవో కొన్ని సీట్లు కేటాయించేవారు. అవి అయిపోతే రైలు బయల్దేరే ఊరికి కబురు పంపి, జవాబు కోసం ఎదురు చూడాలి. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు మరీ పెద్ద తతంగం.

1985-86లో ఢిల్లీలో మొదటి కంప్యూటర్ రిజర్వేషన్ కేంద్రం మొదలైంది. 'ఇంప్రెస్' అని పిలిచిన ఆ ప్రోగ్రామును సీఎంసీ అనే ప్రభుత్వరంగ సంస్థ ఇంజినీర్లు రాశారు. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్, అంటే అందరూ 'డెక్' అని పిలిచే అమెరికా కంపెనీ చేసిన వ్యాక్స్ కంప్యూటర్ల మీద అది నడిచింది. తర్వాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు వచ్చాయి. ఒక్కో కేంద్రానికీ తన రైళ్లే తెలుసు, పక్క కేంద్రంలో ఏముందో తెలియదు. ఆ గోడలు పగలగొట్టిన ప్రోగ్రాము పేరు 'కాన్సర్ట్'. రైల్వేల కంప్యూటర్ సంస్థ క్రిస్ తయారుచేసిన దాన్ని 1994 సెప్టెంబరులో మొట్టమొదట నడిపింది సికింద్రాబాద్‌లో. 1999 నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఎక్కడి కౌంటర్లోనైనా, ఎక్కణ్నుంచి ఎక్కడికైనా టిక్కెట్టు ఇవ్వడం అప్పటినుంచే కుదిరింది.

ఆ ఐదు కేంద్రాల గుర్తు ఇప్పటికీ ప్రతి టిక్కెట్టు మీదా ఉంది. పది అంకెల పీఎన్ఆర్ నంబరులో మొదటి అంకె చూడండి. 1 అయితే సికింద్రాబాద్ కేంద్రం, 2 లేదా 3 అయితే ఢిల్లీ, 4 లేదా 5 అయితే చెన్నై, 6 లేదా 7 అయితే కోల్‌కతా, 8 లేదా 9 అయితే ముంబయి. టిక్కెట్టు ఏ ఊళ్లో కొన్నారన్నది కాదు, ఆ రైలు లెక్క ఏ కేంద్రంలో ఉందన్నది ఆ అంకె చెబుతుంది.

ఇక పెట్టె సంగతికి వద్దాం.

ఆ రోజుల్లో ప్రతి క్లర్కు ముందూ ఒక కంప్యూటరు పెట్టడం ఊహకందని ఖర్చు. అందుకని కౌంటర్లో పెట్టింది టెర్మినల్. తెర, మీటల పలక, లోపల కొద్దిపాటి ఎలక్ట్రానిక్స్, అంతే. దానికి లెక్కలు రావు, జ్ఞాపకం ఉండదు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'మూగ' టెర్మినల్ అన్నారు. తెరమీద అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 24 వరసలు. డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100 ఈ కొలతను ఎంతగా స్థిరపరిచిందంటే, ఈ రోజు లాప్‌టాప్‌లో నల్లటి కమాండ్ కిటికీ తెరిచినా చాలాసార్లు అదే 80, 24 కనిపిస్తాయి.

టెర్మినల్‌కూ కంప్యూటరుకూ మధ్య నడిచే వైరుకు ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం ఉంది. 1960లో అమెరికాలో పుట్టింది. అక్షరాన్ని ఎనిమిది ఒకట్లు, సున్నాలుగా మార్చి, ఒకదాని వెనక ఒకటి పంపడం దాని పద్ధతి. ఇంగ్లీషు పెద్ద 'డీ'కి కంప్యూటర్ల లెక్కలో సంఖ్య 68. దాన్ని 01000100 అని రాస్తారు. ఆ ఎనిమిదింటికీ ముందు 'మొదలవుతోంది' అని ఒక గుర్తు, చివర 'అయిపోయింది' అని ఒక గుర్తు చేరి మొత్తం పది అవుతాయి. సెకనుకు 9,600 గుర్తులు పోయే వైరులో 960 అక్షరాలు పోతాయన్నమాట. తెర నిండా అక్షరాలు నింపాలంటే 1,920 కావాలి. అంటే రెండు సెకన్లు. పాత కౌంటర్లలో తెర పైనుంచి కిందికి పాకుతున్నట్టు నిండటం చూసినవాళ్లకు ఆ రెండు సెకన్లు గుర్తుంటాయి.

ఈ వైరుకు రెండు ఇబ్బందులు. ఒకటి, ప్రమాణం ప్రకారం అది 15 మీటర్లు దాటితే అక్షరాలు చెదిరిపోవచ్చు. రెండోది ఇంకా పెద్దది. ఒక్కో టెర్మినల్‌కూ కంప్యూటరు దాకా ఒక్కో వైరు కావాలి, కంప్యూటరు వెనక ఒక్కో రంధ్రం కావాలి. వంద కౌంటర్లుంటే వంద వైర్లు, వంద రంధ్రాలు. పైగా ఒక టెర్మినల్ ఒక కంప్యూటరుకే కట్టేసి ఉంటుంది. రెండో కంప్యూటరుతో మాట్లాడాలంటే వైరు పీకి మార్చాలి.

ఈ చిక్కు రైల్వేల కన్నా ముందే అమెరికాలో వచ్చింది. ఇంటర్నెట్‌కు తల్లివేరైన ఆర్పానెట్ మొదట కంప్యూటర్లను కలిపింది. సొంత కంప్యూటరు లేని సంస్థలు, ఉత్త టెర్మినళ్లు మాత్రమే ఉన్నవాళ్లు ఎలా కలవాలి? 1971లో బీబీఎన్ కంపెనీ దానికి 'టిప్' అనే యంత్రం చేసింది. ఒక్కోదానికి 63 టెర్మినళ్ల దాకా తగిలించవచ్చు. ముందు కూర్చున్న మనిషి ఏ కంప్యూటరు కావాలో చెబితే దాంతో కలుపుతుంది. టెర్మినల్ సర్వర్ల వంశంలో మొదటిది అదే.

ఆ యంత్రం బీరువా అంత ఉండేది. 1980ల్లో డెక్ కంపెనీ అదే పనిని ఒక చిన్న పెట్టెలోకి దించి డెక్‌సర్వర్ అని పేరు పెట్టింది. ఒకవైపు టెర్మినళ్ల వైర్లు, రెండోవైపు ఒకే ఒక ఈథర్‌నెట్ తీగ. పెట్టె కౌంటర్ల దగ్గరే ఉంటుంది కనుక 15 మీటర్ల హద్దు అడ్డం రాదు. కంప్యూటరు దాకా పోయేది ఒక్క తీగే.

ఇంతమందికి ఒక్క తీగ ఎలా సరిపోయింది? జవాబు మనుషుల వేళ్లలో ఉంది. బాగా టైపు చేసే మనిషి సెకనుకు నాలుగైదు అక్షరాలు కొడతాడు. పదహారుమంది ఒక్కసారిగా ఆపకుండా కొట్టినా 80 అక్షరాలు. ఒక్క టెర్మినల్ వైరే 960 మోయగలదు, ఈథర్‌నెట్ తీగ అంతకు వందల రెట్లు మోస్తుంది. నిజానికి క్లర్కు ఎక్కువసేపు టైపు చేయడం లేదు. "ఏ తేదీకి?", "పెద్దవాళ్లెందరు?", "కింద బెర్త్ ఖాళీ లేదండీ, పైది ఇవ్వనా?" అని మాట్లాడుతున్నారు. ఆ మాటల మధ్య ఖాళీలన్నీ మిగతా కౌంటర్లకు పనికొస్తాయి. ఈ పెట్టె బతికేదంతా మనుషుల నిదానం మీదే.

పాతకాలపు రైలు తపాలా వ్యాను గుర్తున్నవాళ్లకు లోపలి పని ఇట్టే అర్థమవుతుంది. ఆ వ్యానులో గుమాస్తాలు నిలబడి, గూళ్లలోకి ఉత్తరాలు వేరుచేసి, ఒకే ఊరికి పోయేవాటిని ఒకే సంచిలో కట్టేవారు. టెర్మినల్ సర్వర్లో ఒక్కో రంధ్రానికీ ఒక్కో గూడు ఉంటుంది. టెర్మినల్ నుంచి వచ్చిన అక్షరం ఆ గూట్లో పడుతుంది. డెక్ కంపెనీ తన యంత్రాల కోసం రూపొందించిన 'లాట్' పద్ధతిలో మామూలుగా సెకనులో 80 వేయోవంతులకు ఒకసారి, అంటే సెకనుకు పన్నెండు పదమూడు సార్లు సంచి కడతారు. ఆ క్షణానికి ఏ గూట్లో ఏముంటే అవి, ఇది మొదటి కౌంటరుది, ఇది ఐదోది అని చీటీ అంటించి, ఒకే కంప్యూటరుకు పోయేవన్నీ ఒకే సంచిలో పోతాయి. అటునుంచి వచ్చిన సంచిని విప్పి ఎవరి గూట్లో వాళ్లవి వేస్తుంది.

ఎంతో పొదుపైన పద్ధతి. కానీ దానికి పెద్ద లోపం ఉంది. ఆ సంచి మీద రాసే చిరునామా ఒకే భవనపు నెట్‌వర్కులో చెల్లుతుంది. రౌటర్లు దాటి ఊరవతలికి పోలేదు. అందుకే దూరపు స్టేషన్లకు మొదట్లో వేరే ఏర్పాటు ఉండేది. టెలిఫోను శాఖ దగ్గర అద్దెకు తీసుకున్న లైను, రెండు కొసలా మోడెములు, వాటి పక్కన మల్టీప్లెక్సర్ అనే యంత్రం. ఒకే లైనును వంతులవారీగా నాలుగైదు టెర్మినళ్లకు పంచడం దాని పని.

ఊరవతలికి పోవడానికి దారి చూపింది ఇంటర్నెట్ పద్ధతి, అందులోని టెల్నెట్. టెర్మినల్ సర్వర్ ఒక్కో కౌంటరు కోసం దూరపు కంప్యూటరుతో ఒక్కో టెల్నెట్ సంభాషణ తెరుస్తుంది. ఇక్కడ సంచి లేదు, ఎవరి కవరు వాళ్లదే. కవరు మీద రాసే చిరునామా వగైరాలకే 40 అక్షరాలు పడుతుంది. లోపల ఉండేది ఒక్క 'డీ'. నలభై అక్షరాల కవర్లో ఒక్క అక్షరపు ఉత్తరం! 1984లో ఫోర్డ్ ఏరోస్పేస్‌లో పనిచేస్తున్న జాన్ నేగల్ ఈ వృథాను లెక్కగట్టి చూపించి, ఒక సూత్రం చెప్పాడు. ముందు పంపిన కవరు అందిందని కబురు వచ్చేదాకా, ఈలోగా కొట్టిన అక్షరాలను గూట్లోనే పోగుచేసి, ఒకే కవర్లో పంపాలి. లైను చురుగ్గా ఉంటే ప్రతి అక్షరమూ వెంటనే పోతుంది. లైను బరువెక్కితే దానంతటదే గుంపుగా పోతుంది. గడియారం పెట్టి కొలవాల్సిన పని లేదు. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ సూత్రం ఈ రోజు కంప్యూటర్లలోనూ ఉంది. ఇంత చిన్న మాటతో ఇంత పెద్ద బరువు దించిన ఉపాయాలు కంప్యూటర్ల రంగంలో తక్కువ.

సికింద్రాబాద్‌లో 1957 నుంచి రైల్వే సిగ్నల్, టెలికాం సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ ఉంది. ఈ పరికరాల గొలుసంతా దేశం నలుమూలల నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగులు అక్కడ నేర్చుకుంటారు. కౌంటర్లో టెర్మినల్, ప్రింటరు. వాటి వైర్లు టెర్మినల్ సర్వర్‌కు. అక్కణ్నుంచి స్విచ్, రౌటర్, మోడెమ్, ఆపైన లైను. ఏ లింకు తెగినా వరస ఆగిపోతుంది.

ప్రింటరు కథ వేరుగా చెప్పుకోవాలి. పిన్నులతో చప్పుడు చేస్తూ టిక్కెట్టు అచ్చువేసే ఆ ప్రింటరు కంప్యూటరు పంపినంత వేగంగా వేయలేదు. కాగితం అయిపోతే అసలే వేయలేదు. అప్పుడది వైరు వెంట వెనక్కి ఒక గుర్తు పంపుతుంది. 19వ నంబరు గుర్తు అంటే 'ఆగు'. కాగితం పెట్టాక 17వ నంబరు గుర్తు, 'ఇక పంపు'. ఈలోగా వచ్చినవాటిని టెర్మినల్ సర్వర్ తన గూట్లో దాచి ఉంచుతుంది, గూడు నిండితే తానూ అవతలివైపు 'ఆగు' అంటుంది. టిక్కెట్టు మధ్యలో ఒక అక్షరం కూడా రాలిపోకుండా ఉండటం వెనక ఈ మర్యాద ఉంది. పేరులో ఒక అక్షరం, వయసులో ఒక అంకె పోయినా రైల్లో టీటీఈ ముందు జవాబు చెప్పుకోవాల్సింది ప్రయాణికుడే.

ఇక అందరికీ తెలిసిన మాట: "లింకు లేదండీ."

రిజర్వేషన్ కౌంటర్లోనూ, బ్యాంకులోనూ, తాలూకాఫీసులోనూ వినపడే ఈ మాట వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. బస్సులో పాతిక కిలోమీటర్లు వచ్చి, ఒక పూట కూలి పోగొట్టుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఎదురుగా కంప్యూటరు వెలుగుతూనే ఉంది కదా, టిక్కెట్టు ఇచ్చేసి తర్వాత లెక్క పంపకూడదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

మైసూరు నుంచి తూత్తుకుడి వెళ్లే ఎక్స్‌ప్రెస్ బెంగళూరు, ధర్మపురి, సేలం మీదుగా పోతుంది. పాత తరహా స్లీపర్ పెట్టెలో 72 బెర్తులు. 71 అయిపోయాయి, ఒకటే మిగిలింది అనుకుందాం. సరిగ్గా ఒకే క్షణంలో మైసూరులో ఒకరు, ధర్మపురిలో ఒకరు, మదురైలో ఒకరు దాన్ని అడిగారు. మూడు చోట్లా మూడు కంప్యూటర్లు ఎవరికి వారే ఆలోచించుకుంటే, మూడూ 'ఉంది' అంటాయి. రాత్రి పదకొండింటికి ఒకే బెర్తు ముందు ముగ్గురు నిలబడతారు. అందుకే సీట్ల లెక్క ఒకే చోట ఉండాలి. ఆ ఒక్క చోట కంప్యూటరు మొదట అందిన అభ్యర్థనను పట్టుకుని, ఆ బెర్తు లెక్కకు తాళం వేసి, అది తేలేదాకా మిగతా ఇద్దరినీ నిలబెడుతుంది. కౌంటర్లో తెలివి పెట్టకపోవడం కేవలం పొదుపు కోసం కాదు. తెలివి పదిచోట్ల ఉంటే ఒక బెర్తు పదిమందికి పోతుంది.

సగంలో లైను తెగితే? క్లర్కు పేర్లు కొట్టారు, డబ్బు తీసుకున్నారు, ఆఖరి మీట నొక్కగానే తెర బిగుసుకుపోయింది. ఆ టిక్కెట్టు పుట్టిందా లేదా అన్నది టెర్మినల్‌కు తెలియదు, టెర్మినల్ సర్వర్‌కూ తెలియదు. తెలిసింది కేంద్రానికే. అక్కడి పద్ధతిలో లావాదేవీ పూర్తిగా జరిగి ఉంటుంది, లేదా అసలు జరగనట్టే చెరిపేసి ఉంటుంది. సగం టిక్కెట్టు అనేది ఉండదు. లింకు వచ్చాక క్లర్కు మళ్లీ లోపలికి వెళ్లి చూస్తే ఏ సంగతో తేలుతుంది. టెర్మినల్ పాడైపోతే ఇంకా సులువు. దాన్ని తీసి పక్కన పెట్టి ఇంకోటి తగిలిస్తే చాలు, పోయేదేమీ లేదు. వైరస్ పట్టడానికీ, దొంగిలించుకుపోవడానికీ అందులో ఏమీ ఉండదు.

2002లో ఇంటర్నెట్ టిక్కెట్లు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమంది ఫోనులోనే కొంటున్నారు, కౌంటర్లలో టెర్మినళ్ల స్థానంలో చిన్న కంప్యూటర్లు వచ్చాయి. అయినా ఫోనులో కొన్న సీటూ, కౌంటర్లో కొన్న సీటూ అదే లెక్కలోంచి వస్తాయి. 2010లో మార్చిన యంత్రాల మీద కూడా ఆ రిజర్వేషన్ వ్యవస్థ నడిచింది ఓపెన్‌వీఎంఎస్ అనే వ్యవస్థ మీదే. 1977లో వ్యాక్స్ కంప్యూటరుతో పాటు పుట్టినదాని వారసురాలు అది. దాన్ని పూర్తిగా కొత్తదానితో మార్చే పని రైల్వేలు చేపట్టాయి.

ఈమధ్య కాలంలో టెర్మినల్ సర్వర్ అంటే చాలామంది ఆఫీసు ఉద్యోగులు చెప్పేది ఇంకో వస్తువు. అక్షరాల బదులు బొమ్మలు పంపే సర్వరు. 1995లో సిట్రిక్స్ కంపెనీ, 1998లో మైక్రోసాఫ్ట్ ఒకే విండోస్ యంత్రంలో అనేకమంది ఎవరి తెర వాళ్లు తెరుచుకుని పనిచేసే ఏర్పాటు తెచ్చాయి. ప్రోగ్రాములు నడిచేది సర్వరులోనే. మనిషి ముందుకు వచ్చేది తెర బొమ్మ, అందులోనూ మారిన ముక్కలే. అటు పోయేవి మీటల నొక్కులు, మౌసు కదలికలు. ఆడిటర్ల దగ్గరా, రెండు మూడు ఊళ్లలో కొట్లున్న వ్యాపారుల దగ్గరా టాలీ లెక్కలు ఇలాగే నడుస్తాయి. అన్ని కొట్ల చిట్టాలూ ఒకే యంత్రంలో, రాసేవాళ్లు మాత్రం ఎక్కడెక్కడో.

ఈ ఆలోచన పెద్ద ఎత్తున అక్కరకొచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో. 2008 తర్వాత 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు ఏర్పాటు చేసినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పరికరాలు వాడారు. ఒక మామూలు కంప్యూటర్లో ఒక కార్డు పెట్టి, దానికి అరచేతిలో పట్టేంత పెట్టెలు తగిలిస్తారు. ఒక్కో పెట్టెకు ఒక తెర, మీటల పలక, మౌసు. ఒక కంప్యూటరు శక్తిని అలా అయిదారుగురు పిల్లలు పంచుకుంటారు. పాఠాలు చదివే పిల్లలకు ఒక్కొక్కరికీ పూర్తి కంప్యూటరు శక్తి అక్కర్లేదు. మళ్లీ అదే లెక్క, వేళ్ల మధ్య ఖాళీ. ఆ చిన్న పెట్టె తినేది ఒకటి రెండు వాట్ల కరెంటు. కోతలున్న పల్లెబడిలో ఇన్వర్టరు మీద నడవాల్సి వచ్చినప్పుడు ఆ తేడా చాలా పెద్దది. దీనికీ ఒక ధర ఉంది. అసలు కంప్యూటరు ఒక్కటి మొరాయిస్తే దానిమీద ఆధారపడ్డ అందరి తెరలూ నల్లబడతాయి. అందుకని ఇలాంటి గదుల్లో బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండటం పరికరం ఎంత మంచిదన్న దానికన్నా ముఖ్యం.

బొమ్మల సర్వరును ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి వదిలేయడం మాత్రం ప్రమాదం. 2019 మేలో బయటపడ్డ 'బ్లూకీప్' అనే లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్ సర్వర్లలోకి చొరబడే వీలుందని తేలింది. ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మందు విడుదల చేసిందంటే తీవ్రత అర్థం చేసుకోవచ్చు. పాత టెల్నెట్‌లోనూ పెద్ద లొసుగే ఉంది. పాస్‌వర్డ్‌తో సహా ప్రతి అక్షరమూ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పోతుంది. 1995లో ఫిన్లాండ్‌లో తాతు యులోనెన్ రాసిన ఎస్‌ఎస్‌హెచ్ ఆ కార్డును మూసిన కవరుగా మార్చింది. కొత్త టెర్మినల్ సర్వర్లు చాలావరకు అదే వాడతాయి.

అక్షరాలు పంపే పాత పెట్టె కౌంటర్ల నుంచి తప్పుకున్నా అంతరించిపోలేదు. చెరకు బళ్లను తూచే కాటా యంత్రం బరువు చూపే డబ్బా వెనక, ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్ష యంత్రం వెనక అదే పాత సీరియల్ రంధ్రం ఇంకా ఉంటుంది. వాటి అంకెలను ఆఫీసు నెట్‌వర్కులోకి తెచ్చేది అరచేతిలో పట్టే టెర్మినల్ సర్వరే. కాకపోతే ఇప్పుడు సీరియల్ డివైస్ సర్వర్ అంటున్నారు.

అన్నిటికన్నా కీలకంగా అది నిలిచి ఉన్నది డేటా సెంటర్లలో. అక్కడ దాని దిక్కు తిరగబడింది. ఒకప్పుడు మనుషులను కంప్యూటరుకు కలిపేది. ఇప్పుడు రౌటర్లు, స్విచ్‌ల వెనక ఉండే కన్సోల్ అనే రంధ్రాలన్నీ తెచ్చి దానికి తగిలిస్తారు. రౌటరు సెట్టింగులు చెడి, నెట్‌వర్కు మొత్తం చచ్చిపోయినప్పుడు మామూలు దారిలో దాన్ని చేరే వీలుండదు. అప్పుడు వేరే లైను మీదుగా టెర్మినల్ సర్వర్‌లోకి వచ్చి, అక్కణ్నుంచి ఆ వెనక రంధ్రం ద్వారా రౌటరును పలకరిస్తారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా ఆరు గంటల పాటు ఆగిపోయాయి. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం కంపెనీ డేటా సెంటర్లను ఒకదానితో ఒకటి కలిపే లైన్లన్నిటినీ తెంపేసింది. అలాంటి సమయాల కోసమే ఉంచుకున్న వేరే దారి కూడా ఆ రోజు పనిచేయలేదని ఆ కంపెనీ ఇంజినీర్లే తర్వాత రాశారు. మనుషులను భవనాల దగ్గరికి పంపి, కాపలా దాటి లోపలికి వెళ్లి, యంత్రాల దగ్గర నిలబడి సరిచేయాల్సి వచ్చింది.

చిన్న స్టేషన్లలోని రౌటర్లకూ వెనక ఆ రంధ్రం ఉంటుంది. కౌంటరు ముందు "లింకు లేదండీ" అన్న మాట వినపడ్డ రోజున టెలికాం మనిషి బీరువా తాళం తీసి, సన్నటి కేబులు ఒక కొసను రౌటరు కన్సోల్‌కు, ఇంకో కొసను లాప్‌టాప్‌కు తగిలిస్తాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. చాలా రౌటర్లలో కన్సోల్ వేగం ఇప్పటికీ అదే, సెకనుకు 9,600 గుర్తులు. అతను ఎంటర్ నొక్కుతాడు. రౌటరు ప్రాణంతో ఉంటే దాని పేరు తెరమీద పడుతుంది. అక్కణ్నుంచి చెన్నై వైపు ఏ మెట్టు దగ్గర తెగిందో వెతకడం మొదలవుతుంది. అద్దానికి ఇవతల వరస అలాగే నిలబడి ఉంటుంది.